కర్నూలులో ఉండి చిన్న వెబ్ టూల్ చేసి అమ్ముకోవడం కుదురుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: బీటెక్ అయ్యి మూడేళ్లు, కర్నూలులో ఇంటి నుంచే సపోర్ట్ ఉద్యోగం, రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) కొంచెం వచ్చు. సాయంత్రాలు కూర్చుని ఏఐ రెజ్యూమె బిల్డర్ ఒకటి చేసి, కొత్త ప్రొడక్టులను జనానికి చూపించే ప్రొడక్ట్ హంట్ సైటులో లాంచ్ చేద్దామనుకుంటున్నారు. నెలకు ఎంత రావచ్చు, కంపెనీ పెట్టాలా, ఎవరైనా కాపీ కొడతారేమో, బెంగళూరు వెళ్తే తప్ప ఇవి కావా అని అడిగారు. మధ్యలో మామయ్యకు ఆదోనిలో పత్తి కమీషన్ వ్యాపారం ఉందని కూడా రాశారు. అది మీరు ఊరికే రాసుంటారు గానీ, నాకు మీ పోస్టులో అన్నిటికంటే పనికొచ్చే విషయం అదే అనిపించింది.

సూటిగా చెప్తాను. కుదురుతుంది. బెంగళూరు అక్కర్లేదు, కంపెనీ ఇప్పుడే అక్కర్లేదు. రెజ్యూమె బిల్డర్ మాత్రం వద్దు, ప్రొడక్ట్ హంట్ ఇప్పుడే వద్దు. రోజూ కాగితం మీద లెక్క రాసుకునే ఒక వ్యాపారి పక్కన కూర్చుని, ఆ లెక్కను ఫోన్‌లోకి తెచ్చి, ఆయన చేతే డబ్బు కట్టించుకోండి. మొదటి ఏడాది ఉద్యోగం మానొద్దు.

నేను ఉండేది అనంతపురం. కొన్నేళ్లు బెంగళూరులో ప్రోగ్రామర్‌గా చేసి తిరిగొచ్చాను. ఇప్పుడు సొంత టూల్స్, వాటి పక్కన కొంచెం ఫ్రీలాన్స్, ఈ రెంటి మీదే ఇల్లు గడుస్తోంది. టూల్స్‌లో బాగా నడిచేది బండల లెక్క, అంటే నేలకు పరిచే రాతి బండలను కొలిచి బిల్లు వేసేది. తాడిపత్రి వైపు బండల యార్డుల్లో మొదలైంది, తర్వాత బేతంచెర్ల, కడప వైపు కూడా పోయింది. కింద చెప్పేవన్నీ ఎక్కువగా దాని అనుభవంలోంచే.

రెజ్యూమె బిల్డర్ ఎందుకు వద్దంటున్నానంటే

అది చెడ్డ ఐడియా అని కాదు. రెజ్యూమె అవసరమైన మనిషికి అది ఏడాదికో రెండేళ్లకో ఒకసారి అవసరం. పని అయ్యాక మళ్లీ రాడు. ఫ్రీగా ఇచ్చేవి లెక్కలేనన్ని ఉన్నాయి. పైగా ఇప్పుడు ఏ చాట్‌బాట్‌కు చెప్పినా రాసి పెడుతుంది. మీరు ప్రతిసారీ కొత్త మనిషిని వెతుక్కోవాలి, వాడికి ఉద్యోగం లేదు కాబట్టి చేతిలో డబ్బు కూడా ఉండదు.

ఇంకో కారణం ఉంది. కోడ్ రాయడం ఇప్పుడు చౌక అయిపోయింది. మీరు నెలలో చేసేది ఇంకొకరు ఏఐ సాయంతో వారాంతంలో చేస్తారు. అలాంటప్పుడు మీ దగ్గర మాత్రమే ఉన్నదేంటో చూసుకోవాలి. ఆదోని పత్తి యార్డులో ఒక కమీషన్ ఏజెంట్ గల్లాపెట్టె పక్కన రోజంతా కూర్చునే అవకాశం బెంగళూరు కుర్రాడికి లేదు. మీకు మామయ్య ఉన్నాడు.

మన దగ్గర జనం దేనికి డబ్బిస్తారు

ఇది నాకు బండల యార్డులోనే అర్థమైంది. "మీకు టైం మిగులుతుంది" అని చెప్తే వ్యాపారి నవ్వి ఊరుకుంటాడు. ఆయనకు గుమాస్తా ఉన్నాడు, కాలిక్యులేటర్ ఉంది, టైం కూడా కావలసినంత ఉంది. కానీ లెక్క దగ్గర గొడవ తగ్గుతుందంటే మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుంటాడు.

యార్డులో జరిగేది ఇదీ. ఇల్లు కట్టుకునేవాళ్లు మేస్త్రీని వెంటబెట్టుకుని వస్తారు. ఒకడు టేపు పట్టి కొలతలు అరుస్తుంటాడు, గుమాస్తా నోటుపుస్తకంలో రాస్తుంటాడు, తర్వాత కూడి చదరపు అడుగులు తేలుస్తాడు. మేస్త్రీ తన సొంత లెక్క వేస్తాడు. రెండు అంకెలు కలవవు. మళ్లీ బండలు తిప్పి కొలవాలి, ఈలోగా ఆటోవాడు తొందరపెడతాడు, చివరికి ఓనరు "పోనీలే సామీ" అని ఒక అంకె తగ్గించి పంపిస్తాడు. రోజూ ఇలా ఎంత పోతుందో ఆయన దగ్గర లెక్క ఉండదు గానీ, పోతోందని మాత్రం ఆయనకు బాగా తెలుసు.

నా టూల్ చేసే పని చిన్నది. ఒక్కో బండ పొడవు, వెడల్పు కొడుతూ పోతే ఒక్కో వరుసలో దాని చదరపు అడుగులు, కింద మొత్తం, రేటు, లోడింగ్ కూలీ కలిపి బిల్లు వస్తుంది. అది బొమ్మగా మారి కొనేవాళ్ల వాట్సాప్‌కు పోతుంది. మేస్త్రీ తన ఫోన్‌లో ఒక్కో వరుసా చూసుకుంటాడు. తేడా ఉంటే ఏ బండ దగ్గర ఉందో అక్కడే తేలిపోతుంది. మొదట్లో వాడిన ఓనర్లలో ఒకాయన అన్నది: "ఏమప్పా, లెక్క కరెక్టుగా రావడం కాదు, వాడి ఫోన్‌లోకి పోతోంది చూడు, అందుకు డబ్బియ్యొచ్చు." నేను లెక్క అమ్ముతున్నాననుకున్నాను. ఆయన కొన్నది ఆ వాట్సాప్ బొమ్మను.

అందుకే ఐడియా వెతికేటప్పుడు నేను ఒకటే చూస్తాను: ఒకే కాగితాన్ని ఇద్దరు చూస్తారా, ఆ ఇద్దరికీ దాని మీద అనుమానం ఉందా? చీనీకాయల మండీలో తూకం, సూటు (తూకంలో కోసుకునేది), కమీషన్. మగ్గాల దగ్గర నూలు ఎంత ఇచ్చారు, చీర ఎంత తూగింది, అడ్వాన్సులో కూలీ ఎంత కోశారు. బోరు వేసే లారీవాళ్లకు ఎన్ని అడుగులు, ఎన్ని అడుగుల దాకా ఏ రేటు, కేసింగ్ ఎంత. ఇవన్నీ అలాంటి కాగితాలే.

ఇక్కడే ఒక మెలిక. లెక్క ఇద్దరికీ కనపడటం అమ్మేవాడికి ఇష్టం లేని చోట ఇలాంటి టూల్ అమ్ముడుపోదు. ప్రొద్దుటూరు బంగారు దుకాణాలకు ఏదైనా చేయమని నన్ను చాలామంది అడిగారు. పెద్ద మార్కెట్, డబ్బున్న మార్కెట్, నిజమే. కానీ తరుగు, మజూరీ బేరం మీద, పరిచయం మీద మారుతుంటాయి. అవి వరుసగా రాసి కస్టమర్ వాట్సాప్‌కు పంపే బిల్లు మీద వాళ్లకు ఆసక్తి ఉండదు. వాళ్లకు స్టాకు, హాల్‌మార్కు, జీఎస్టీ చూసే పెద్ద సాఫ్ట్‌వేర్లు ఎటూ ఉన్నాయి. అందులోకి ఒక్క మనిషి దూరి గెలవడం కష్టం. నేను దూరలేదు.

పక్కన కూర్చోకుండా తెలియని సంగతులు

ఒక్క ఉదాహరణ చెప్తాను, దీనికోసమే ఇంత పొడుగు రాస్తున్నాను అనుకోండి. యార్డులో "మూడు పది" అంటే మూడు అడుగుల పది అంగుళాలు. గుమాస్తా దాన్ని 3.10 అని రాస్తాడు. 3.6 అంటే మూడడుగుల ఆరంగుళాలు, అంటే మూడున్నర అడుగులు. ఆ చుక్క దశాంశం కాదు. మీరు మామూలుగా చేసినట్టు దాన్ని నంబరుగా మార్చారనుకోండి, 3.10 కాస్తా 3.1 అవుతుంది. అడుగులు, అంగుళాలుగా విడదీస్తే మూడడుగుల ఒక్క అంగుళం. తొమ్మిది అంగుళాలు మాయం. రెండడుగుల వెడల్పు బండ మీద 7.67 చదరపు అడుగులు రావలసింది 6.17 వస్తుంది. ఒక్క బండ మీదే అడుగున్నర పోయింది. ఎక్సెల్ కూడా ఇదే పని చేస్తుంది, అందుకే వాళ్లు ఎక్సెల్‌ను నమ్మరు. కాబట్టి ఆ గడిలో కొట్టినదాన్ని అక్షరాలుగానే ఉంచుకుని, చుక్కకు ముందున్నది అడుగులు, తర్వాతున్నది అంగుళాలు అని విడదీయాలి. చుక్క తర్వాత 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఎర్రగా చూపించాలి.

అలాగే రౌండింగ్. ఒక యార్డులో అంగుళం దగ్గర ఆపుతారు, ఇంకో యార్డులో మూడంగుళాల మెట్టుకు పైకి తీసుకుంటారు, ఇంకొకరు ఒక్కో బండకు కాకుండా మొత్తానికి రౌండ్ చేస్తారు. ఏది సరైనదని మనం వాదించకూడదు. సెట్టింగ్స్‌లో పెట్టి, ఏ పద్ధతి వాడారో బిల్లు అడుగున ఒక వాక్యం వచ్చేలా చేస్తే చాలు. గొడవ సగం అక్కడే ఆగిపోతుంది.

ఇలాంటివి ఏ ఏఐనీ అడిగి తెలుసుకోలేరు, ఎందుకంటే ఎక్కడా రాసి లేవు.

టెక్నికల్ సంగతులు, ముఖ్యంగా తెలుగుతో వచ్చేవి

మీకు రియాక్ట్ వస్తే రియాక్ట్‌తోనే చేయండి. కొత్తది నేర్చుకుంటూ ప్రొడక్ట్ చేస్తే రెండూ కావు. సర్వర్ లేకుండా కుదిరితే ఇంకా మంచిది. నా టూల్ మొదట్లో ఒక్క పేజీ, వెబ్ పేజీలు ఉంచుకునే క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో ఉచితంగా పెట్టింది. డొమైన్‌కు ఏడాదికి వెయ్యి రూపాయల లోపు అయ్యింది, అంతే ఖర్చు. ఫ్రీ సర్వర్ల విషయంలో ఒక జాగ్రత్త: రెండర్ అనే హోస్టింగ్‌లో ఉచిత సర్వీసు పావుగంట ఎవరూ వాడకపోతే నిద్రపోతుంది, తర్వాత వచ్చినవాడు తెల్ల స్క్రీన్ చూస్తూ కూర్చోవాలి. సుపాబేస్ అనే డేటాబేస్ సర్వీసులో ఉచిత ప్రాజెక్టు వారం వాడకపోతే ఆగిపోతుంది. యార్డు ఓనరుకు ఒకసారి తెల్ల స్క్రీన్ కనపడితే మళ్లీ నోటుపుస్తకమే.

పొలాల పక్కన, ఫ్యాక్టరీ షెడ్లలో సిగ్నల్ సరిగ్గా ఉండదు. నెట్ లేకపోయినా నడిచేలా సర్వీస్ వర్కర్ (పేజీని ఫోన్‌లోనే దాచి ఉంచే స్క్రిప్టు) పెట్టి, లెక్కలు ఫోన్‌లోనే బ్రౌజర్ సొంత డేటాబేస్ ఇండెక్స్‌డ్‌డీబీలో దాచండి. దీనికి ఇంకో లాభం కూడా ఉంది. వ్యాపారుల మొదటి ప్రశ్న ధర గురించి ఉండదు, "మా లెక్కలు యాడికి పోతాయి?" అనే అడుగుతారు. "మీ ఫోన్ దాటి పోవు" అని చెప్పగలగడం పెద్ద బలం. వ్యక్తిగత డేటా చట్టం 2023లో వచ్చింది కాబట్టి కస్టమర్ల ఫోన్ నంబర్లు మన సర్వర్లో లేకపోవడం మనకూ ప్రశాంతం. ఇబ్బందల్లా ఫోన్ పోయినప్పుడు. అందుకని వారానికోసారి బ్యాకప్ ఫైలు వాళ్ల వాట్సాప్‌కో డ్రైవ్‌కో వాళ్లే పంపుకునే బటన్ తప్పకుండా పెట్టండి. బ్రౌజర్ జాగా తక్కువైనప్పుడు దాచినవి తుడిచేసే ప్రమాదం కూడా ఉంటుంది, అలా తుడవకుండా ఉంచే పర్సిస్టెంట్ స్టోరేజ్ అనుమతి అడగడం మరవకండి.

తెలుగు బిల్లు పీడీఎఫ్‌గా కావాలంటే ఒక గొయ్యి ఉంది. పీడీఎఫ్ తయారుచేసే జేఎస్‌పీడీఎఫ్ లాంటి కోడ్ లైబ్రరీల్లో తెలుగు ఫాంట్ ఎక్కించినా ఒత్తులు విడిపోతాయి. "తాడిపత్రి"లో త్రి ముక్కలై పక్కపక్కన పడుతుంది. ఎందుకంటే అవి అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చడమే చేస్తాయి, గుణింతం, ఒత్తు కలిపి ఆకారం కట్టవు. ఆ పని బ్రౌజర్ చక్కగా చేస్తుంది. కాబట్టి బ్రౌజర్ ప్రింట్ ద్వారానే పీడీఎఫ్ తీయండి, లేదా బిల్లును కాన్వాస్ మీద గీసి బొమ్మగా పంపండి. మన దగ్గర ఎవరూ పీడీఎఫ్ తెరవరు, బొమ్మే చూస్తారు.

రెండంగుళాల బ్లూటూత్ బిల్లు ప్రింటర్ కూడా అడుగుతారు. వాటిలో తెలుగు అక్షరాలు ఉండవు. బిల్లును 384 చుక్కల వెడల్పున్న నలుపు తెలుపు బొమ్మగా చేసి పంపాలి, అంతే మార్గం. చౌక ప్రింటర్లు చాలావరకు పాత రకం బ్లూటూత్‌వి, బ్రౌజర్ నుంచి నేరుగా అందకపోవచ్చు, అప్పుడు మధ్యలో ఒక ప్రింట్ యాప్ పెట్టాలి.

లాగిన్‌కు ఎస్ఎంఎస్ ఓటీపీ జోలికి పోవద్దు. మన దేశంలో ఎస్ఎంఎస్ పంపాలంటే డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల రిజిస్ట్రేషన్ వ్యవస్థ) సంస్థ పేరు, హెడర్ (మెసేజీ పంపేవాళ్ల పేరుగా కనపడేది), ఒక్కో మెసేజీ టెంప్లేటు రిజిస్టర్ చేయించుకోవాలి. పదిమంది కస్టమర్ల కోసం ఆ తలనొప్పి ఎందుకు? నేను డబ్బు కట్టినవాళ్లకు చేత్తోనే ఒక కోడ్ ఇస్తాను, అది కొడితే ఏడాది నడుస్తుంది.

ప్లే స్టోర్ కూడా తర్వాత చూడొచ్చు. ఫీజు ఒకసారి కట్టే 25 డాలర్లే గానీ, 2023 నవంబరు తర్వాత తెరిచిన వ్యక్తిగత అకౌంట్లకు యాప్ బయటికి రావాలంటే ముందు 12 మంది టెస్టర్లుగా చేరి వరుసగా 14 రోజులు ఉండాలి. ముందు 20 మంది అనేవారు, తర్వాత తగ్గించారు. వెబ్ పేజీని హోమ్ స్క్రీన్ మీద పెట్టిస్తే వ్యాపారికి అదీ యాప్ లాగే కనపడుతుంది.

డబ్బు ఎలా తీసుకోవాలి

ఫ్రీగా ఇచ్చి అలవాటయ్యాక అడుగుదాం అనుకుంటారు అందరూ. మన ఊళ్లలో అది కుదరదు. ఫ్రీగా ఇచ్చినదానికి తర్వాత డబ్బడిగితే మోసం చేసినట్టు చూస్తారు. నేను రెండు వారాలు ఊరికే వాడుకోమని ముందే చెప్పి, తర్వాత ఏడాదికి ఒకేసారి 1,500 తీసుకుంటాను. నెల నెలా 150 అంటే తక్కువగా కనపడుతుంది గానీ, నెల నెలా అడగాల్సి వస్తుంది, అడిగిన ప్రతిసారీ ఆయన మానేయాలా అని ఆలోచిస్తాడు.

ఆటో డెబిట్ పెట్టొచ్చు. యూపీఐ ఆటోపే 2020 నుంచి ఉంది, 15,000 లోపు అయితే ప్రతిసారీ పిన్ అడగదు, కోతకు ఒక రోజు ముందు మెసేజీ వస్తుంది. పట్నం కస్టమర్లకు అది సరే. మన వ్యాపారి ఆ మెసేజీ చూడగానే డబ్బులు ఎవరో లాగేస్తున్నారని టెన్షన్ పడి బ్యాంకుకు పరిగెత్తుతాడు. క్యూఆర్ చూపించి తీసుకోవడమే మేలు. మామూలు యూపీఐ మీద 2020 జనవరి నుంచి వ్యాపారి చార్జీ లేదు. ఆన్‌లైన్ గేట్‌వే పెడితే మామూలుగా 2 శాతం, దాని మీద జీఎస్టీ పోతుంది.

విదేశాల్లో అమ్మేటప్పుడు లెక్క వేరు. లెమన్ స్క్వీజీ, పాడిల్ లాంటివి వాళ్ల పేరు మీద అమ్మి, ఆయా దేశాల పన్నులు వాళ్లే కట్టి, మిగిలింది మనకు పంపుతాయి. మామూలు రేటు 5 శాతం, పైన ప్రతి అమ్మకానికి 50 సెంట్లు, ఆపైన కొన్ని అదనాలు. 5 డాలర్ల టూల్ అమ్మితే అందులో 75 సెంట్లు, అంటే 15 శాతం వాళ్లకే. 29 డాలర్లకు అమ్మితే రెండు డాలర్ల లోపు. కాబట్టి బయటికి అమ్మేదాన్ని మరీ చౌకగా పెట్టొద్దు.

కంపెనీ, జీఎస్టీ

సొంత పేరు మీదే మొదలుపెట్టండి. ప్రైవేట్ లిమిటెడ్ పెడితే అమ్మకం లేకపోయినా ప్రతి ఏడాదీ ఆడిట్, ఫైలింగ్ ఖర్చు ఉంటుంది. సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షలు. వేరే రాష్ట్రాలకు సేవలు అమ్మినా ఆ పరిమితి వర్తిస్తుంది. దాని దరిదాపుల్లోకి వచ్చినరోజు సంతోషంగా సీఏ దగ్గరికి వెళ్లండి. విదేశీ డబ్బు వస్తుంటే ఇంకాస్త ముందే వెళ్లండి, బ్యాంకు పర్పస్ కోడ్ (ఆ డబ్బు దేనికి వచ్చిందో చెప్పే కోడ్) అడుగుతుంది, ఆ కాగితాలు దాచుకోవాలి. ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ కావాలంటే ప్రభుత్వ సైటులో పూర్తిగా ఉచితం. డబ్బులడిగే సైటు కనపడితే మూసేయండి.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది మీ ఆఫర్ లెటర్. చాలా ఒప్పందాల్లో ఉద్యోగంలో ఉండగా చేసిన పని మీద హక్కు కంపెనీదే అని, బయట పని చేయకూడదని ఒక పేరా ఉంటుంది. కనీసం ఆఫీసు ల్యాప్‌టాప్ ముట్టుకోకండి, ఆఫీసు టైంలో ఒక్క కమిట్ (కోడ్ మార్పు) కూడా పెట్టకండి. పేరా మరీ గట్టిగా ఉంటే అడిగి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోండి.

లాంచ్ గురించి

మీ ఊహలో లాంచ్ అంటే ఒక రోజు. ప్రొడక్ట్ హంట్‌లో నిజంగానే అలా ఉంటుంది. అక్కడ రోజు పసిఫిక్ సమయం అర్ధరాత్రి దాటిన ఒక నిమిషానికి మొదలవుతుంది, మనకు వేసవిలో మధ్యాహ్నం 12:31, చలికాలంలో 1:31. అమెరికావాళ్లు లేచి చూసేది మన రాత్రిపూట, కాబట్టి రాత్రంతా కూర్చుని జవాబులివ్వాలి. అక్కడికి వచ్చేవాళ్లు ఎక్కువగా మనలాంటి తయారీదార్లే. డెవలపర్లకో డిజైనర్లకో టూల్ చేస్తే తప్పకుండా పెట్టండి. బండల యార్డు ఓనరు అక్కడ ఉండడు.

నా దగ్గర పనిచేసిన పద్ధతి ఏంటంటే, ఒక యార్డులో బాగా నడిచాక దాని బిల్లు బొమ్మ అడుగున టూల్ పేరు, నా నంబరు చిన్నగా వచ్చేలా పెట్టాను. ఆ బొమ్మ మేస్త్రీల ఫోన్లలోకి పోయింది. ఒక మేస్త్రీ చాలా యార్డులు తిరుగుతాడు. "ఆ యార్డులో వచ్చినట్టు బిల్లు మీరూ పంపండి" అని వాళ్లే అడగడం మొదలుపెట్టారు. నేను పెట్టిన ఏ ప్రకటనా ఇంత పని చేయలేదు. మీ టూల్ నుంచి బయటికి పోయే కాగితం ఏదో, అది ఎవరి చేతుల్లో తిరుగుతుందో ముందే ఆలోచించుకోండి.

చాలామంది పెద్ద పేర్లు కూడా చిన్నగానే మొదలయ్యాయి. డచ్ డెవలపర్ పీటర్ లెవెల్స్ చేసిన నోమాడ్ లిస్ట్ 2014లో అందరూ నింపగలిగే ఒక గూగుల్ షీట్‌గా మొదలైంది. జనం వచ్చి నింపడం చూశాకే సైటు కట్టాడు. మీరు కూడా కోడ్ కంటే ముందు ఒక షీట్‌తో, వాట్సాప్‌తో చేత్తో నడిపి చూడొచ్చు.

నెలకు ఎంత వస్తుంది

మీరు అసలు అడిగింది ఇదే కదా. 40 యార్డులు ఏడాదికి 1,500 చొప్పున అంటే 60,000. నెలకు 5,000. అదీ ఆ 40 మంది మళ్లీ కడితే. ఒక్కో కొత్త కస్టమర్‌కు బండి పెట్రోలు, ఒక పూట పోతాయి. తర్వాత ఫోన్లు వస్తూనే ఉంటాయి, అవి కూడా మీరు ఆఫీసు కాల్‌లో ఉన్నప్పుడే వస్తాయి. ఒక్క ఊరి మార్కెట్‌తో ఇల్లు గడవదు. ఈ మాట దాచి మీకు ధైర్యం చెప్పడం నాకిష్టం లేదు.

అయితే ఊరి టూల్ ఊళ్లోనే ఆగనక్కర్లేదు. బండల లెక్కలో అసలు ఇంజను అడుగులు-అంగుళాలు, రౌండింగ్ పద్ధతులు, వరుస వరుసా బిల్లు. దాని మీద ఇంగ్లీషు ముఖం వేసి, గ్రానైట్‌కు ఒక పేజీ, అద్దాలకు ఒకటి, ప్లైవుడ్‌కు ఒకటి విడివిడిగా పెట్టాను. ఒక్కో పేజీ ఒక్క ప్రశ్నకే జవాబిస్తుంది, లెక్క ఫ్రీ, సొంత షాపు పేరుతో బిల్లు కావాలంటే డబ్బు. గూగుల్ వాటిని పట్టించుకోవడానికి నెలలు పట్టింది. ఇప్పుడు కొత్త కస్టమర్లలో ఎక్కువమంది నేను ఎప్పుడూ చూడని ఊళ్లవాళ్లే, మాట్లాడటానికి హిందీ కూడా కొంచెం నేర్చుకోవాల్సి వచ్చింది. ఆదాయంలో పెద్ద వాటా ఇప్పుడు ఇదే, కానీ ఆ చుక్క సంగతి, రౌండింగ్ సంగతి తాడిపత్రిలో పట్టుబడకపోతే ఈ పేజీలకు విలువే ఉండేది కాదు. అద్దాల షాపువాడికీ అదే తలనొప్పి ఉంది.

మధ్యదారి ఆదాయం ఇంకొకటి ఉంది, చెప్పడానికి కొందరు సిగ్గుపడతారు. "మాకు ఇంకో రెండు కాలమ్‌లు కలిపి ఇవ్వు" అని అడిగిన వ్యాపారి దగ్గర విడిగా మార్పుల చార్జీ తీసుకోండి. ఆ మార్పు మిగతావాళ్లకూ పనికొస్తుందనిపిస్తే చవకగా చేయండి, ఆయనకు మాత్రమే అయితే గట్టిగా చెప్పండి, లేదా వద్దనండి. ఒక్కొక్కరికి ఒక్కో టూల్ అయిపోతే అది ప్రొడక్ట్ కాదు, మళ్లీ ఉద్యోగమే, నలభై మంది బాసులతో.

ఎవరైనా కాపీ కొడతారేమో అని కూడా అడిగారు. కొడతారు. నాదీ కొట్టారు. ఫోన్ ఎత్తే ఓపిక లేక కొన్నాళ్లకు వాళ్లే వదిలేశారు.

ఇక ఆదోని

పత్తి లెక్క నాకు తెలియదు, కాబట్టి ఏం చేయాలో చెప్పను, ఎలా చూడాలో చెప్తాను. యార్డులో ధర, తూకం జరిగే తీరు మార్కెట్ కమిటీ పద్ధతిలో ఉంటుంది, అందులో వేలు పెట్టొద్దు. ఆ తర్వాత మామయ్యకు, రైతుకు మధ్య జరిగే లెక్క చూడండి. ముందు తీసుకున్న అడ్వాన్సు, హమాలీ, సంచులు, బాడుగ, కమీషన్ అన్నీ పోను చేతికి ఎంత అనేది ఒక చీటీ మీద తేలుతుంది. రైతు ఆ చీటీ తీసుకుని ఇంటికి పోయి కొడుక్కు చూపిస్తాడు, కొడుకు ఫోన్ చేసి అడుగుతాడు. ఆ ఫోన్లు ఎన్ని వస్తున్నాయో, ఏ వరుస గురించి వస్తున్నాయో గమనించండి. మీ టూల్ అక్కడ ఉండొచ్చు. మామయ్య ఆ వరుస చూపించడానికి ఇష్టపడకపోతే బంగారం దుకాణాల సంగతే, అప్పుడు ఇంకో వ్యాపారం చూసుకోవాలి.

ఇంకో మాట. మామయ్య మీ మొదటి కస్టమర్ కావద్దు. ఆయన మేనల్లుడి మీద ప్రేమతో బాగుందంటాడు, డబ్బు కూడా ఇస్తాడు, దాంతో మీకు ఏమీ తెలియదు. ఆయన దగ్గర నేర్చుకోండి, పక్క దుకాణాయనకు అమ్మండి. పత్తి రాక తగ్గాక వెళ్తే తీరిగ్గా మాట్లాడతారు గానీ, గొడవలు కనపడవు. సీజన్ జోరుగా ఉన్నప్పుడే, విసుక్కున్నా సరే, రెండు మూడు శనివారాలు అక్కడ కూర్చోండి.

పోయిన సీజన్ చీటీలు మామయ్య దగ్గర కట్ట కట్టి ఉంటాయి. పేర్లు, ఫోన్ నంబర్లు కనపడకుండా ఓ ఇరవై చీటీలు ఫోటో తీసి పెట్టుకోండి. ఒకే రకం లెక్కను రెండు చీటీల్లో రెండు రకాలుగా ఎక్కడ రాశారో చూసి, ఎందుకని గుమాస్తాను అడగండి. ఆయన ఏమన్నాడో ఇక్కడే రాయండి, దాన్నిబట్టి ముందు ఏ స్క్రీన్ చేయాలో మాట్లాడుకుందాం.